ఒక్క బటన్, లక్ష నోటీసులు

ఊళ్లో ఏదైనా కబురు అందరికీ చెప్పాలంటే వెనకటికి టముకు వేయించేవాళ్లు. శిస్తు కట్టే గడువైనా, చెరువు తూము తెరిచే రోజైనా, ఒక మనిషి డప్పు కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగి చాటేవాడు. ఎవరు విన్నారు, ఎవరు పొలంలో ఉండిపోయి వినలేదు అన్న లెక్క ఎక్కడా రాసేవాళ్లు కాదు. వినని వాళ్లకి పక్కింటివాళ్లు చెప్పేవాళ్లు. అంతటితో సరిపోయేది.

ఇప్పుడు ఒక కంపెనీ తన 3 లక్షల మంది వాటాదారులకు వార్షిక సమావేశం నోటీసు పంపాలనుకుందాం. వాళ్లలో ఒకాయన తెనాలిలో ఉంటాడు, ఒకావిడ డల్లాస్‌లో ఉంటుంది, ఇంకొకాయన చనిపోయి రెండేళ్లయింది కానీ పేరు రిజిస్టర్లో అలాగే ఉంది. ఇక్కడ టముకు పనికిరాదు. 'ఫలానా వ్యక్తికి పంపారా? ఎప్పుడు పంపారు? రుజువేది?' అని రేపు ఎవరైనా అడిగితే పేరు పేరునా చూపించాలి. ఈ పని చేసిపెట్టేదే కంప్లయన్స్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. ఏ చట్టం కింద ఏ పని చేయాలి, ఎవరు చేయాలి, ఏ తేదీలోగా చేయాలి, చేశారనడానికి సాక్ష్యం ఏమిటి అన్న నాలుగు విషయాలను అది పట్టుకుని కూర్చుంటుంది.

మనలో చాలామంది రేపు ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసే టీముల్లోనో, టెస్ట్ చేసే టీముల్లోనో చేరతాం. బయటినుంచి చూస్తే 'ఇందులో ఏముంది, లూప్ పెట్టి మెయిల్ పంపడమే కదా' అనిపిస్తుంది. లోపల అసలు కథ వేరే ఉంది. బల్క్ నోటీసు అంటే లక్ష మందికి వెళ్లే ఒక ఉత్తరం అనుకుంటే తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. అది ఒకేసారి వెళ్లే లక్ష వేర్వేరు నోటీసులు. ప్రతిదానికీ ఒక మనిషి, ఒక చిరునామా, ఒక సమయం, ఒక ఫలితం ఉంటాయి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా డిజైన్ అంతా దానంతటదే అర్థమవుతుంది.

చట్టమే స్పెసిఫికేషన్ రాసింది

కంపెనీల చట్టం, 2013లో 101వ సెక్షన్ సర్వసభ్య సమావేశం నోటీసు గురించి చెబుతుంది. నోటీసు ప్రతి సభ్యుడికీ వెళ్లాలి. చనిపోయిన సభ్యుడుంటే ఆయన చట్టబద్ధ వారసుడికి వెళ్లాలి. ఆడిటర్‌కీ, ప్రతి డైరెక్టర్‌కీ వెళ్లాలి. కాగితం మీదైనా పంపొచ్చు, ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైనా పంపొచ్చు.

ఎలక్ట్రానిక్ పద్ధతి ఎలా ఉండాలో 2014లో వచ్చిన మేనేజ్‌మెంట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ రూల్స్‌లోని 18వ రూల్ వివరిస్తుంది. దాన్ని చదువుతుంటే న్యాయశాఖ వాళ్లు కాకుండా ఎవరో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ రాసినట్టు ఉంటుంది. మెయిల్ సబ్జెక్టు లైన్లో కంపెనీ పేరు, ఏ రకం సమావేశం, ఎక్కడ, ఏ తేదీన అన్నవి ఉండాలి. నోటీసును అటాచ్‌మెంట్‌గా పంపితే అది పీడీఎఫ్ లాంటి, మార్చడానికి వీల్లేని రూపంలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మొత్తం ఎంతమందికి మెయిల్ వెళ్లిందో లెక్క చెప్పే, ఒక్కొక్కరికీ పంపినట్టు విడివిడిగా రికార్డు ఇచ్చే వ్యవస్థనే కంపెనీ వాడాలి. ఫెయిలైనవి, మళ్లీ పంపినవి కూడా 'పంపినట్టు రుజువు'గా దాచాలి.

అదే రూల్ ఇంకో మాట కూడా అంటుంది. కంపెనీ మెయిల్ పంపేస్తే దాని బాధ్యత తీరినట్టే, తన చేతిలో లేని కారణం వల్ల అందకపోతే కంపెనీది తప్పు కాదు. 101వ సెక్షన్ కూడా పొరపాటున ఎవరో ఒకరికి నోటీసు వెళ్లకపోయినంత మాత్రాన సమావేశం చెల్లకుండా పోదంటుంది. మరి ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు రికార్డులెందుకు? ఆ వెసులుబాటు వాడుకోవాలంటేనే రికార్డు కావాలి. 'ఇది పొరపాటే, కావాలని చేసింది కాదు' అని చెప్పడానికి, మిగతా అందరికీ పంపిన లెక్క చేతిలో ఉండాలి కదా.

రోజుల లెక్క

నోటీసుకీ సమావేశానికీ మధ్య కనీసం 21 నిండు రోజులు ఉండాలి. నిండు రోజులంటే నోటీసు అందిన రోజూ, సమావేశం జరిగే రోజూ లెక్కలోకి రావు. సమావేశం సెప్టెంబర్ 30న పెట్టారనుకోండి. సెప్టెంబర్ 9 నుంచి 29 దాకా లెక్కపెడితే సరిగ్గా 21 రోజులు. అంటే మెయిల్ ఆలస్యమంటే 8వ తేదీకి బయల్దేరాలి. పోస్టులో పంపితే, ఉత్తరం వేసిన 48 గంటలకు అందినట్టు చట్టం భావిస్తుంది. కాబట్టి పోస్టుకి గడువు 6వ తేదీ.

ఒకే నోటీసుకి ఇప్పుడు రెండు గడువులు వచ్చాయి చూశారా! మెయిల్ ఐడీ ఉన్నవాళ్లకి ఒకటి, లేనివాళ్లకి ఒకటి. మంచి సాఫ్ట్‌వేర్ సమావేశం తేదీ నుంచి వెనక్కి లెక్కేసి, ప్రింటింగ్‌కి ఫైలు ఎప్పుడు వెళ్లాలి, ఆమోదం ఎప్పుడు రావాలి అన్నది క్యాలెండర్లో పెడుతుంది. 7వ తేదీన మెయిల్ తిరిగొచ్చిన మనిషికి పోస్టులో పంపుదామంటే అప్పటికే ఆలస్యం. అందుకే చివరి రోజు దాకా ఆగి బటన్ నొక్కేవాళ్లకి సాఫ్ట్‌వేర్ సాయం చేయలేదు.

జాబితాలోనే సగం పని

పంపడం కన్నా, ఎవరికి పంపాలో తేల్చడమే కష్టం. లిస్టెడ్ కంపెనీల వాటాదారుల జాబితాలు డిపాజిటరీల నుంచి వస్తాయి. వాటిని రిజిస్ట్రార్ అండ్ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్లనే సంస్థలు చూసుకుంటాయి. మన హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద ఆఫీసున్న కేఫిన్ టెక్నాలజీస్ అలాంటిదే.

ఇక్కడ ఎక్సెల్ మనకి చేసే ద్రోహాలు రెండు మూడు తెలుసుకోవాలి. సీడీఎస్ఎల్ డీమ్యాట్ ఖాతా నంబరు 16 అంకెలది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే ఖచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. ఫైలును మామూలుగా తెరిచి సేవ్ చేస్తే 16వ అంకె నిశ్శబ్దంగా సున్నా అయిపోతుంది. ఎర్రర్ రాదు, రంగు మారదు. కానీ లక్ష మంది ఖాతా నంబర్లు పాడైపోతాయి. అలాగే 000417 అనే ఫోలియో నంబరు 417గా మారిపోతుంది. ఇక తెలుగులో రాసిన పేర్లున్న సీఎస్‌వీ ఫైలును ఎన్‌కోడింగ్ చూసుకోకుండా తెరిస్తే పేర్లన్నీ పిచ్చి గీతలవుతాయి. మందు ఒక్కటే. ఇలాంటి నంబర్లు సంఖ్యలు కావు, అక్షరాల వరస అని ముందే డిక్లేర్ చేయాలి. మనం వాటిని కూడబోమూ, గుణించబోమూ కదా.

తర్వాత పేర్లు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే రెండు గళ్లు మన పేర్లకి ఎప్పుడూ అతకవు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. టెంప్లేట్ ఫస్ట్ నేమ్ గడిలోంచి తీసుకుంటే 'ప్రియమైన వి' అనో, ఉత్త ఇంటిపేరుతోనో ఉత్తరం మొదలవుతుంది. చూడ్డానికి నవ్వొచ్చే విషయమే. కానీ నోటీసు మీద తన పేరే తప్పుగా ఉంటే, చదివేవాడు దాన్ని మోసపు మెయిల్ అనుకుని తీసి పారేస్తాడు. పేరంతా ఒకే గడిలో, ఆ మనిషి ఎలా రాసుకుంటే అలాగే ఉంచడం మేలు.

ఇద్దరి పేరు మీద ఉన్న వాటాలకి మొదటి పేరున్న వాళ్లకే నోటీసు వెళ్తుంది. ఒకే మెయిల్ ఐడీ భర్త, భార్య, కొడుకు ముగ్గురి ఖాతాలకీ ఉంటే? 'డూప్లికేట్లు తీసెయ్' అని కోడ్ రాస్తే ఇద్దరు సభ్యులు జాబితాలోంచి మాయమవుతారు. ముగ్గురూ వేర్వేరు సభ్యులు, వేర్వేరు ఓట్లు. మూడు మెయిళ్లూ వెళ్లాల్సిందే.

పంపేటప్పుడు

మొదటి నియమం: ఒక్కొక్కరికీ విడిగా. అందరి అడ్రసులూ ఒకే మెయిల్లో 'టు' గడిలో పెడితే ఏమవుతుందో 2021 సెప్టెంబర్‌లో బ్రిటన్ రక్షణ శాఖ చూపించింది. అఫ్గానిస్తాన్‌ను తాలిబన్లు చేజిక్కించుకున్నాక, బ్రిటన్‌కి పనిచేసి అక్కడినుంచి బయటపడాలని ఎదురుచూస్తున్న 245 మందికి ఆ శాఖ ఒకే మెయిల్ పంపింది. అందరి చిరునామాలూ అందరికీ కనిపించాయి. కొందరి ఫొటోలు కూడా పక్కన కనిపించాయి. ఆ జాబితా తాలిబన్ల చేతిలో పడితే ప్రాణాలకే ముప్పు. 2023 డిసెంబర్‌లో అక్కడి సమాచార కమిషనర్ ఆ శాఖకి 3.5 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. 'బీసీసీ వాడితే సరిపోయేది కదా' అనొచ్చు. మనిషి ప్రతిసారీ గుర్తుపెట్టుకుని సరైన గడి ఎంచుకోవాల్సిన పద్ధతే ప్రమాదం. అసలు ఆ తప్పు చేయడానికే వీల్లేకుండా చేయడం సాఫ్ట్‌వేర్ పని.

రెండోది, మన సర్వర్‌ని అవతలి సర్వర్ నమ్మాలి. ఎస్‌పీఎఫ్ అంటే 'మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది' అనే బహిరంగ జాబితా. డీకిమ్ అంటే మెయిల్ మీద డిజిటల్ సంతకం. ఈ రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. రోజుకి 5,000 పైన మెయిళ్లు పంపేవాళ్లకి ఈ మూడూ ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతోంది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని కూడా చెప్పింది. అందుకే ప్రచారం మెయిళ్లూ, చట్టపరమైన నోటీసులూ ఒకే చిరునామా నుంచి పంపకూడదు. పండగ ఆఫర్ల మీద విసుగొచ్చి జనం స్పామ్ అని నొక్కితే, ఆ చెడ్డపేరు నోటీసుకీ అంటుకుంటుంది.

మూడోది, మధ్యలో ఆగిపోతే? 3 లక్షల్లో 1,40,000 వెళ్లాక సర్వర్ పడిపోయిందనుకోండి. మళ్లీ మొదలుపెడితే మొదటివాళ్లకి రెండేసి వెళ్తాయి. అలాగని వదిలేస్తే మిగతావాళ్లకి అసలే వెళ్లవు. ప్రతి నోటీసుకీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చి, పంపేముందు 'ఇది ఇప్పటికే వెళ్లిందా?' అని చూసుకోవాలి. డేటాబేస్ క్లాసులో బోరు కొట్టిన పాఠం ఇక్కడ పనికొస్తుంది.

నాలుగోది, తయారుచేసినవాళ్లే ఆమోదించకూడదు. బ్యాంకుల్లో దీన్ని మేకర్-చెకర్ అంటారు. చెకర్ చూడాల్సింది అందమైన మొదటి పేజీని కాదు. అతి పొడుగు పేరున్న వరస, మెయిల్ లేని వరస, చనిపోయిన సభ్యుడి వరస, మొత్తం సున్నా ఉన్న వరస ఏరి, అవి ఎలా వచ్చాయో చూడాలి.

అందిందా, లేదా?

మెయిల్ తిరిగొస్తే దానితో ఒక కోడ్ వస్తుంది. 4తో మొదలైతే తాత్కాలిక ఇబ్బంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. 5తో మొదలైతే శాశ్వతం. ఆ చిరునామానే లేకపోవచ్చు, లేదా అవతలివాళ్లు తిరస్కరించి ఉండొచ్చు. ఇలాంటివాళ్లని ఇంకో దారికి, అంటే పోస్టుకి మళ్లించాలి.

'తెరిచారు' అనే లెక్కని మాత్రం నమ్మకండి. మెయిల్లో కనపడని చిన్న బొమ్మ ఒకటి పెట్టి, అది లోడైతే చదివినట్టు లెక్కేస్తారు. 2021 నుంచి ఆపిల్ మెయిల్ ఆ బొమ్మల్ని మనిషి చూడకముందే తనే లోడ్ చేసుకునే సదుపాయం తెచ్చింది. బొమ్మలు ఆపేసుకున్న మనిషి నోటీసంతా చదివినా లెక్కలోకి రాడు. కాబట్టి రిపోర్టులో 'పంపాం', 'అవతలి సర్వర్ తీసుకుంది', 'తిరిగొచ్చింది' అన్న మూడు మాటలే గట్టివి. 'చదివారు' అనే మాట కోర్టు దాకా తీసుకెళ్లేది కాదు.

ఏ దారిలో పంపినా నోటీసే అనుకోవడమూ కుదరదు. నిందితుడిని విచారణకి రమ్మని పోలీసులిచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అందుకని ప్రతి నోటీసు రకానికీ ఏ దారులు చెల్లుతాయో సాఫ్ట్‌వేర్‌కి ముందే చెప్పి ఉంచాలి.

అందుకున్నవాళ్లకి ఇంకో అనుమానం ఉంటుంది. ఇది నిజమైన నోటీసేనా? ఆదాయపు పన్ను శాఖ దీనికి మంచి దారి చూపింది. 2019 అక్టోబర్ 1 నుంచి వాళ్ల నోటీసుల మీద కంప్యూటర్ ఇచ్చిన డిన్ అనే సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యని శాఖ పోర్టల్‌లో కొట్టి, లాగిన్ కూడా అక్కర్లేకుండా నిజానిజాలు చూసుకోవచ్చు. పంపినవాళ్ల రుజువు ఒక్కటే చాలదు, అందుకున్నవాళ్లకీ పరీక్షించుకునే దారి ఉండాలి.

తెలుగులో పంపితే

మన క్లబ్బుకి దగ్గర విషయం ఇది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా ఎన్‌కోడింగ్ మారి 70కి పడిపోతుంది. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. 'విద్యార్థులకు' మన కంటికి ఐదక్షరాలే. కానీ గుణింతపు గుర్తులూ, పొల్లులూ విడివిడిగా లెక్కపడి 13 అవుతుంది. 'స్త్రీ' ఒక్కటే 6 తింటుంది. ఇంగ్లీషు మెసేజ్‌లో రూపాయి గుర్తు పెట్టినా ఇదే గతి, ఎందుకంటే ఆ గుర్తు పాత అక్షరాల పట్టికలో లేదు.

లక్ష మందికి పంపేటప్పుడు ఒక మెసేజ్ రెండు ముక్కలైతే ఖర్చు రెట్టింపు. అందుకే చాలామంది 'ఇంగ్లీషులో పంపేద్దాం' అంటారు. లేదంటే మెసేజ్‌ని కుదించి, అర్థం కాని పొట్టి మాటలతో నింపేస్తారు. పైగా మనదేశంలో ట్రాయ్ నిబంధనల ప్రకారం టెంప్లేట్‌ను ముందే రిజిస్టర్ చేసుకోవాలి, దానికి సరిపోలని మెసేజ్ ఆగిపోతుంది. అంటే వాక్యం ఒకసారి తప్పుగా రాస్తే లక్షసార్లు అదే తప్పు వెళ్తుంది.

ఇక్కడ మంచి తెలుగు వాక్యం రాయగలగడం ఇంజినీరింగ్ నైపుణ్యమే. 'తమరు చెల్లించవలసియున్న బకాయి నిమిత్తము తదుపరి చర్యలు గైకొనబడును' అనే దానికీ, 'మీరు ₹1,200 కట్టాలి. గడువు జూన్ 10. సందేహముంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి' అనే దానికీ తేడా చూడండి. రెండోదాంట్లో చదివే మనిషి ఏం చేయాలో తెలుస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డేటాకి అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం 8వ షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోనైనాగానీ చదువుకునే వీలుండాలంటోంది. అందులో తెలుగూ ఉంది.

నోటీసు అవతల మనిషి

అన్నీ సరిగా పంపి కూడా ఘోరం చేయొచ్చు. దానికి ఆస్ట్రేలియాలోని రోబోడెట్ ఉదాహరణ. సంక్షేమ పింఛన్లు తీసుకున్నవాళ్ల ఏడాది ఆదాయాన్ని పన్ను శాఖ నుంచి తెచ్చి, దాన్ని రెండేసి వారాలకి సమానంగా పంచి, 'మీరు ఎక్కువ తీసుకున్నారు, తిరిగి కట్టండి' అని కంప్యూటరే తేల్చింది. ఆరు నెలలు పనిచేసి ఆరు నెలలు ఖాళీగా ఉన్నవాడికి ఈ సగటు లెక్క ఎలా సరిపోతుంది? అంతకుముందు ఏడాదికి దాదాపు 20 వేలు తేలే కేసులు 2016 చివరికి వారానికి 20 వేలకు చేరాయి. మొదట్లో పంపిన ఉత్తరాల మీద ఆ విభాగం హెల్ప్‌లైన్ నంబరు కూడా లేదు. పాత చిరునామాలకి వెళ్లిన ఉత్తరాలు చాలామందికి చేరనే లేదు. జవాబు రాకపోతే యంత్రం దాన్ని ఒప్పుకున్నట్టే తీసుకుంది.

2019లో కోర్టులో ఈ పద్ధతి చట్టవిరుద్ధమని తేలింది. 4 లక్షల మందికి పైగా మనుషుల మీద 170 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా తప్పుడు అప్పులు మోపారు. 2023 జూలైలో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక ఈ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆత్మహత్యలు చేసుకున్నవాళ్ల కుటుంబాలు ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాయి.

అక్కడ సాఫ్ట్‌వేర్ క్రాష్ కాలేదు. డ్యాష్‌బోర్డు చూసినవాళ్లకి వారానికి ఇన్ని వేలు పంపామనే అంకె కనపడింది. తప్పని తిరిగి చెప్పడానికి అవతలి మనిషికి సరైన దారి లేకపోవడం ఆ అంకెలో కనపడదు.

కాబట్టి మీరెప్పుడైనా ఇలాంటిది కట్టాల్సి వస్తే, ఎంత వేగంగా పంపుతుందన్నది తర్వాత చూడండి. జాబితాలోంచి ఒక్క పేరు తీసుకోండి. ఈమెకి ఏం పంపాం, ఎందుకు పంపాం, ఎప్పుడు, ఏ దారిలో, ఏమైంది, ఆమె 'ఇది తప్పు' అంటే ఎవరు వింటారు? ఈ ప్రశ్నలకి మీ సాఫ్ట్‌వేర్ జవాబు చెప్పగలిగితే, అప్పుడు మిగతా 2,99,999 మందికి బటన్ నొక్కండి.